స్టెమ్ సెల్ రీసెర్చ్‌లోకి వెళ్లాలంటే దారేంటి? 85 వేల సర్టిఫికెట్ కోర్సు కట్టమంటారా వద్దా?

బ్రోడీపేట_బయో

అన్నలూ అక్కలూ నమస్తే. మాది గుంటూరు, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ సెకండియర్, యూనివర్సిటీ ఇక్కడ దగ్గర్లోదే. డిగ్రీ నుంచి నాకు డెవలప్‌మెంటల్ బయాలజీ అంటే పిచ్చి, క్లాసులో మిగతావాళ్లంతా ఇమ్యునాలజీ, క్యాన్సర్ అని ఎగబడతంటే నేనేమో ఒక్క కణంలోంచి చెయ్యి ఎక్కడ మొలవాలో తల ఎక్కడ మొలవాలో ఎట్టా తేలుద్ది అని అదే ఆలోచిస్తా కూర్చునేదాన్ని. ఇప్పుడు స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాల మీద పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది.

విషయమేంటంటే పోయిన నెల బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో సెమినార్ పెట్టారు, "సర్టిఫైడ్ స్టెమ్ సెల్ సైంటిస్ట్" అని ఆరు నెలల కోర్సంట, సగం ఆన్‌లైన్, సగం ల్యాబ్, ఫీజు 85 వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు. నాన్న ఎల్‌ఐసీ ఏజెంటు, నీకిష్టమైతే కట్టేద్దాంలే అంటన్నాడు గానీ ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టాలి. అమ్మ బీఎడ్ చెయ్యమంటది. మావయ్య హైదరాబాద్ వచ్చి మెడికల్ కోడింగ్ నేర్చుకో అంటాడు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లా. ఆ కోర్సు దేనికన్నా పనికొస్తదా, లేకపోతే నిజం ల్యాబుల్లోకి ఎట్టా వెళ్తారు, వెళ్తే చేతికి డబ్బులు ఎప్పుడొస్తయ్?

ఇంకోటి కూడా, మా బాబాయికి మోకాళ్ల నొప్పులు, ఎవరో క్లినిక్ వాళ్లు పొట్ట దగ్గర కొవ్వు తీసి అందులో స్టెమ్ సెల్స్ మోకాల్లో ఎక్కిస్తాం గుజ్జు మళ్లీ పెరుగుద్ది అన్నారంట, "నువ్వు చదివేది అదేగా, చెప్పమ్మా" అని నన్ను అడుగుతన్నాడు. నాకేం చెప్పాలో తెలియలా.

కృష్ణలంక_కుర్రాడు

కట్టమాక. గ్యారంటీ అన్నాడుగా, పోయిన బ్యాచ్‌లో ఎవరికి ఏ కంపెనీలో వచ్చిందో చెప్పి వాళ్లతో ఫోన్లో మాట్లాడించమను. మాట్లాడించడు.

పటమట_టు_హబ్సిగూడ

చెల్లెమ్మా, నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తన్నా, ఐపీఎస్ సెల్స్ (మామూలు కణాల్ని వెనక్కి తిప్పి చేసే స్టెమ్ సెల్స్) మీద, సొంతూరు పటమట. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

కోర్సు సర్టిఫికెట్ చూసి ఏ ల్యాబూ తీసుకోదు, ఆ బిరుదు సీవీలో కనపడితే ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకి అనుమానం కూడా వచ్చిద్ది. సైంటిస్ట్ అనేది ఆరు నెలలకి ఇచ్చే పేరు కాదు. లోపలికి వెళ్లే దారి ఫెలోషిప్పే. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ అని పరీక్ష ఉంటది, ఏడాదికి రెండుసార్లు, జూన్‌ది ఒకటి డిసెంబర్‌ది ఒకటి. అందులో జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేస్తా నెలనెలా డబ్బొచ్చే ఫెలోషిప్ కొట్టాలి, ఉత్త లెక్చరర్‌షిప్‌కి క్వాలిఫై అయితే నెలనెలా డబ్బు రాదు. సిలబస్‌లో యూనిట్ 5 మొత్తం నీ డెవలప్‌మెంటల్ బయాలజీనే, చాలామంది దాన్ని వదిలేస్తారు, నీకది ఎలాగూ ఇష్టం కాబట్టి అక్కడే మార్కులు. పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు, 200లో సగం అక్కడే ఉంది. అవన్నీ ప్రయోగం చూపించి దీన్నించి ఏం తేలింది అని అడిగే రకం, బట్టీ పడితే రావు. ఇదిగాక డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) జేఆర్ఎఫ్ వేరేగా ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్, ముంబై టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలకి జేజీబిల్స్ (JGEEBILS) అని ఇంకో ఎంట్రన్స్. అన్నీ రాయి.

ఎక్కడ చెయ్యాలంటే, పేరులో స్టెమ్ సెల్ ఉన్న చోటే వెతకమాక. ఇన్‌స్టెమ్ ఉంది సరే, కానీ హైదరాబాద్ సీసీఎంబీలో ఈగల మీద, జీబ్రాఫిష్ మీద డెవలప్‌మెంట్ పని జరుగుద్ది, ఐఐఎస్‌సీలో డెవలప్‌మెంటల్ బయాలజీ అండ్ జెనెటిక్స్ అని డిపార్ట్‌మెంటే ఉంది, పుణెలో ఐసర్, ఎన్‌సీసీఎస్, బెంగళూరులో జేఎన్‌కాసర్... మనిషి పిండాల నుంచి తీసిన ఎంబ్రియోనిక్ స్టెమ్ సెల్ లైన్లు, బీజేఎన్‌హెమ్ అని పేరు పెట్టినవి, జేఎన్‌కాసర్‌లో తయారుచేసినవే. ల్యాబ్ పేరు కాదు చూడాల్సింది, వాళ్లు అడిగే ప్రశ్న నీక్కూడా రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే అక్కడ అప్లై చెయ్యి.

ఇంటర్వ్యూ గురించి ఒక ముక్క. జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో ఎలుక చర్మకణాల్ని వెనక్కి తిప్పి ఐపీఎస్ సెల్స్ చేశాడు, 2007లో మనిషి కణాలు, 2012లో జాన్ గర్డన్‌తో కలిపి నోబెల్, ఇది అందరూ గడగడా చెప్తారు. నాలుగు జీన్ల పేర్లు కూడా చెప్తారు, ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్. అప్పుడు అవతలాయన మెల్లగా అడుగుతాడు, ఆ నాలుగే అని ఎట్టా తెలిసిందమ్మా అని. అక్కడ ఆగిపోతారు! ఆయన మొదలుపెట్టింది 24 జీన్లతో, అన్నీ కలిపి వేస్తే స్టెమ్ సెల్ గుంపులు, అంటే కాలనీలు వచ్చినయ్, తర్వాత ఒక్కోటి తీసేస్తా పోయాడు, ఏది తీస్తే కాలనీలు రావో అది అవసరమైనదన్నమాట, అట్టా 10కి, అక్కణ్ణుంచి 4కి దిగాడు. ఒక్కో జీన్‌ని విడిగా వేసి చూస్తే ఎప్పటికీ దొరికేది కాదు, ఎందుకంటే ఏ ఒక్కటీ ఒంటరిగా పని చెయ్యదు. ఈ ఆలోచన నీ నోటితో నువ్వు చెప్పగలిగితే సీటు సగం వచ్చినట్టే. తర్వాత సీ-మిక్ లేకుండా కూడా అవుద్ది, కాకపోతే తక్కువ కాలనీలు వస్తయ్ అని తేలింది, అది క్యాన్సర్ జీన్ కాబట్టి అదెందుకు ముఖ్యమో కూడా ఆలోచించుకుని వెళ్లు. 1962లో గర్డన్ కప్ప పేగు కణం న్యూక్లియస్‌ని గుడ్డులో పెట్టి చేసిన పని కూడా చదువు, రెండూ ఒకే ప్రశ్న.

ఇక రోజూ పని ఎట్టా ఉంటదో చెప్పకపోతే మోసం చేసినట్టే. ఐపీఎస్ కణాలకి దాదాపు రోజూ మీడియా, అంటే అవి పెరిగే పోషక ద్రవం మార్చాలి. ఆదివారం లేదు, సంక్రాంతికి ఊరెళ్లాలంటే పక్కనోణ్ణి బతిమాలుకోవాలి. మ్యాట్రిజెల్ అని ఒకటి ఉంటది, కణాలు అంటుకోవటానికి ప్లేటుకి పూస్తాం, అది రాత్రంతా ఫ్రిజ్‌లో కరగాలి, బయట పెడితే గడ్డకట్టిద్ది, పిపెట్ టిప్పులు కూడా చల్లగా ఉండాలి, దాని రేటు తల్చుకుంటే చేతులు వణుకుతయ్. మైకోప్లాస్మా అనే సన్న బ్యాక్టీరియా పట్టిందనుకో, మామూలు మైక్రోస్కోపులో కనపడదు, పీసీఆర్ చేస్తే గానీ తెలియదు, తెలిసేసరికి నెలల డేటా పోయిద్ది. కాలనీ అంచులు చెదిరి కణాలు వాటంతటవే వేరే రకంగా మారిపోతంటే కూర్చుని ఒక్కోటి గీకి తీసెయ్యాలి. ఇదంతా విని కూడా చెయ్యాలనిపిస్తే రా, బాగుంటది, నేనైతే మానను.

మంగళగిరి_పాథాలజీ

బాబాయి గారి మోకాలి సంగతి నేను చెప్తానమ్మా, ఇది ఎవరూ పట్టించుకోలేదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ కలిసి 2017లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం మామూలు వైద్యంగా ఒప్పుకున్నది ఒక్కటే, రక్తజబ్బులకి చేసే రక్త మూలకణాల మార్పిడి, అంటే మనం బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అంటామే అది. మిగతావి అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చెయ్యాలి, ట్రయల్ అయితే పేషెంటు దగ్గర ఆ ఇంజెక్షన్‌కి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి బాబాయిని రెండే ప్రశ్నలు అడగమను. ఇది ట్రయలా? అయితే సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు ఎంత? ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, నంబరు కొడితే వివరాలన్నీ వస్తాయి. ట్రయల్ కాదు గానీ డబ్బు కట్టాలి అంటే లేచి వచ్చెయ్యమను.

ఒక మినహాయింపు ఉంది, అది కూడా చెప్పాలి, లేకపోతే ఆ క్లినిక్ వాళ్లే దాన్ని చూపించి ఒప్పిస్తారు. బెంగళూరు స్టెంప్యూటిక్స్ వాళ్లు దాతల బోన్ మ్యారో నుంచి పెంచిన కణాల ప్రొడక్ట్‌ మోకాలి అరుగుదలకి డీసీజీఐ (కేంద్ర మందుల నియంత్రణాధికారి) అనుమతితో 2022లో మార్కెట్లోకి వచ్చింది, అదీ మధ్యస్థంగా అరిగిన మోకాళ్లకి, బాగా ముదిరినవాటికి కాదు. ట్రయల్స్ జరిగాక వచ్చిన మందు అది. పొట్ట కొవ్వు తీసి అక్కడికక్కడే ఎక్కించేది వేరు, ఆ అనుమతి దీనికి వర్తించదు. పేరు ఒకటే కదా అని కలిపేస్తారు, జాగ్రత్త.

అట్టాగని స్టెమ్ సెల్ వైద్యం అంతా బూటకం అనుకోవద్దు తల్లీ. కంట్లో నల్లగుడ్డు అంచున లింబస్ అని ఉంటది, అక్కడి మూలకణాలే కార్నియా పైపొరని జీవితాంతం కొత్తగా తయారుచేస్తుంటాయి. సున్నం పడో యాసిడ్ పడో అవి కాలిపోతే చూపు పోతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న చిన్న బిట్లు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఆమ్నియాటిక్ పొర (ఉమ్మనీటి సంచి పొర) పరిచి దాని మీద జిగురుతో అతికిస్తారు, కణాలు కంటి మీదే పెరుగుతాయి, ల్యాబ్‌లో పెంచే ఖర్చే లేదు. స్లెట్ అంటారు, 2012లో పబ్లిష్ చేశారు. మన తాడిగడపలో ఉన్నది వాళ్ల క్యాంపసే. అట్టాగే వెల్లూరు సీఎంసీలో హీమోఫిలియా ఏ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న అయిదుగురికి వాళ్ల సొంత రక్త మూలకణాలు తీసి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 జీన్ పెట్టి మళ్లీ ఎక్కించారు, ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి, రక్తస్రావాలు ఆగాయి. పరిశోధన అంటే ఇట్టా ఉంటది, కొద్దిమంది పేషెంట్లు, ఏళ్ల ఫాలో అప్, లెక్కలన్నీ బయట పెట్టడం. హోటల్లో సెమినార్లు పెట్టరు.

ఎంబ్రియో_అక్క_బెజవాడ

అందరూ పీహెచ్‌డీ పీహెచ్‌డీ అంటన్నారు గానీ ఈ అమ్మాయికి ఇంటి దగ్గరే ఇంకో దారి ఉంది. నేను విజయవాడలో ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుని, అంటే పిండాల పని చూసేదాన్ని, ఎమ్మెస్సీ తర్వాత ఇందులోకి వచ్చా. బెజవాడ గుంటూరు రోడ్ల మీద ఎన్ని సంతానసాఫల్య కేంద్రాల బోర్డులున్నయ్యో నువ్వే చూస్తన్నావుగా, ప్రతిదానికీ వెనకాల ల్యాబ్ ఉండాలి, ల్యాబ్‌లో మనిషి ఉండాలి.

నువ్వు పుస్తకంలో చదివేది మేం రోజూ కళ్లారా చూస్తాం. ఇక్సీ (గుడ్డులోకి వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేసిన మర్నాడు, 16 నుంచి 18 గంటల మధ్యలో చూస్తే రెండు ప్రోన్యూక్లియైలు, అంటే తల్లిదొకటి తండ్రిదొకటి కేంద్రకాలు పక్కపక్కన కనపడతయ్, ఆ టైమ్ దాటితే మాయమైపోతయ్ కాబట్టి తెల్లారేసరికి ల్యాబ్‌లో ఉండాల్సిందే. మూడో రోజుకి ఎనిమిది కణాలు, అయిదో రోజుకి బ్లాస్టోసిస్ట్, లోపల చిన్న కణాల ముద్ద ఒక పక్కన, చుట్టూ తర్వాత మాయ (ప్లాసెంటా) అయ్యే కణాలు. ఆ లోపలి ముద్దలోంచే 1998లో థామ్సన్ అనే శాస్త్రవేత్త మనిషి ఎంబ్రియోనిక్ స్టెమ్ సెల్స్ తీసింది. మొదటిసారి చూసినరోజు నాకు అన్నం సహించలా.

కష్టాలు కూడా చెప్తా. సెంటు కొట్టుకుని ల్యాబ్‌లోకి రాకూడదు, తల్లో పూలు పెట్టుకోకూడదు, గాల్లో వాసన రసాయనాలు పిండాలకి పడవు. ఇంక్యుబేటర్ అలారం మోగితే అర్ధరాత్రైనా పరిగెత్తాలి. పేర్లు తారుమారైతే ఒక కుటుంబం జీవితమే తారుమారు, అందుకే ప్రతి స్టెప్పూ ఇద్దరు చూసి సంతకం పెడతాం. మొదట్లో జీతం చాలా తక్కువ, ట్రైనింగ్ పేరుతో ఊరికే పని చేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు, నాకూ అయింది ఒక చోట. చెయ్యి తిరిగాక మాత్రం మనల్నే వెతుక్కుంటా వస్తారు. 2021 ఏఆర్‌టీ (సంతానసాఫల్య చికిత్సల) చట్టం తర్వాత ఎంబ్రియాలజిస్టుకి ఏ చదువు, ఎంత అనుభవం ఉండాలో రూల్స్‌లో రాశారు, ముందు అది చదువు, తర్వాతే ఏదైనా కోర్సుకి డబ్బు కట్టు. మణిపాల్‌లో క్లినికల్ ఎంబ్రియాలజీ రెగ్యులర్ ఎమ్మెస్సీనే ఉంది.

పాత_జేఆర్ఎఫ్

ఎవరో ఒకరు చేదు మాట చెప్పాలిగా, నేను చెప్తా.

జేఆర్ఎఫ్ 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, పైన హెచ్ఆర్ఏ, ఇవి 2023 జనవరి నుంచి ఉన్న రేట్లు. కాయితం మీద బానే ఉంది, కానీ నెలనెలా ఒకటో తారీఖున పడుద్దని అనుకోమాక, నెలలు నెలలు ఆగి ఒకేసారి పడిన రోజులు నాకు తెలుసు. పీహెచ్‌డీ అయిదారేళ్లు ఈజీగా పట్టుద్ది, స్టెమ్ సెల్ పని అయితే ఇంకా. దాని తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), అది ఒకటో రెండో, అప్పటికి ముప్ఫైల మధ్యలో ఉంటాం, ఫ్యాకల్టీ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ఒక్కోదానికి వందల్లో అప్లికేషన్లు. ఇంట్లో పెళ్లి గోల వేరే. ఇది తెలిసి వెళ్తే బాధుండదు, తెలియకుండా వెళ్తేనే మధ్యలో మనసు విరిగిపోద్ది.

నేను పీహెచ్‌డీ అయ్యాక కంపెనీకి వచ్చేశా, హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. మా దగ్గర ఇంటర్వ్యూలో పేపర్లెన్ని అని అంతగా అడగరు, సెల్ కల్చర్ చేతితో చేశావా, ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కోటిగా కొలిచే పద్ధతి) వచ్చా, జీఎంపీ (మందుల తయారీ నాణ్యత నియమాలు) డాక్యుమెంటేషన్ అంటే తెలుసా అని అడుగుతారు. సెల్ థెరపీ వైపు ఇప్పుడు గేట్లు తెరుచుకుంటన్నయ్, ఐఐటీ బాంబేలో పుట్టిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది, అది కార్-టీ (పేషెంటు రోగనిరోధక కణాల్ని మార్చి క్యాన్సర్ మీదకి పంపే వైద్యం), స్టెమ్ సెల్ కాదు, కానీ కణాల్ని బయటికి తీసి మార్చి పెంచి క్వాలిటీ చూసి మళ్లీ మనిషిలోకి ఎక్కించే పనితనం అదే. స్టెమ్ సెల్స్ నేర్చినోడికి ఆ పని కొత్తగా ఏం ఉండదు. కాబట్టి పీహెచ్‌డీ చేసినా ప్రొఫెసర్ కావటం ఒక్కటే గమ్యం అని పెట్టుకోమాక.

బీఎడ్ గురించి అమ్మతో గొడవ పడమాక, నెట్ రెండు అటెంప్టులు అడుగు, ఆ తర్వాత చూద్దాం అను. అమ్మలు అట్టా ఒప్పుకుంటారు.

పటమట_టు_హబ్సిగూడ

పాత_జేఆర్ఎఫ్ అన్నా, లెక్కలన్నీ కరెక్టే గానీ మరీ అంత భయపెట్టకు. మా బ్యాచ్‌లో ఫెలోషిప్ ఆలస్యం అయినప్పుడు ల్యాబ్ వాళ్లే సర్దారు, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న స్టూడెంట్లతో విడిగా మాట్లాడాలి, గైడ్ ఎట్టాంటోడు, ఎన్నేళ్లకి బయటికి పంపుతాడు అని. ఇది స్టెమ్ సెల్ కన్నా ముఖ్యం.

బ్రోడీపేట_బయో

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత రాస్తారనుకోలా. పాథాలజీ సార్ చెప్పిన రెండు ప్రశ్నలు బాబాయికి వాట్సాప్‌లో పెట్టా, ఆయన ఫోన్ చేసి నంబరు అడిగితే వాళ్లు "డాక్టర్ గారు వచ్చాక చెప్తాం" అన్నారంట. కోర్సు ఆలోచన మానేశా. ఎంబ్రియో అక్కా, మీకు మెసేజ్ పెట్టా చూడండి.

ఒక్క డౌట్. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు మొదలవబోతంది, బయట ల్యాబుకి పంపరంట, ఇక్కడే చెయ్యాలి, డిపార్ట్‌మెంట్‌లో కణాలు పెంచే సీఓ2 ఇంక్యుబేటర్ పాడైపోయి ఉంది, డబ్బులు లేవు. అందరూ ఏదో ఆకు ఎక్స్‌ట్రాక్ట్ తీసి యాంటీబ్యాక్టీరియల్ చేస్తన్నారు. నేను డెవలప్‌మెంట్ మీద ఏం చెయ్యగలను?

పటమట_టు_హబ్సిగూడ

ఆకు ఎక్స్‌ట్రాక్ట్ మాత్రం వద్దు తల్లీ, దండం పెడతా.

కోడిగుడ్డు తీసుకో. బజార్లో ట్రేల్లో అమ్మేవి పనికిరావు, లేయర్ ఫారాల్లో పుంజులే ఉండవు, వాటిల్లో పిండం రాదు. కోళ్ల హ్యాచరీకి వెళ్లి పొదిగే గుడ్లు కావాలని అడగాలి. చల్లగా ఉంచితే కొన్ని రోజులు అవి ఎదగకుండా ఆగి ఉంటయ్, 38 డిగ్రీల్లో పెట్టగానే మొదలు, దీనికి సీఓ2 అక్కర్లా, మామూలు ఇంక్యుబేటర్, తడికి ఒక గిన్నెలో నీళ్లు చాలు. ఒకటిన్నర రోజు దగ్గర్లో తెరిస్తే నాడీగొట్టానికి రెండు పక్కలా సోమైట్లు జతలు జతలుగా వరసగా కనపడతయ్, తర్వాత వెన్నుపూసలూ కండరాలూ అయ్యేవి అవే. కోడిలో సుమారు 90 నిమిషాలకో కొత్త జత వచ్చిద్ది.

ఇప్పుడు నీ ప్రశ్న ఇదనుకో, వేడి కొంచెం మారితే ఆ గడియారం కూడా మారుద్దా? ఒకే రోజు వచ్చిన గుడ్లని మూడు వాటాలు చేసి 36, 38, 39 డిగ్రీల్లో పెట్టు, ఒకే గంటకి తెరువు, జతలు లెక్కపెట్టు. లెక్కపెట్టేవాళ్లకి ఏ గుడ్డు ఏ వాటాదో తెలియకూడదు, నీ ఫ్రెండ్‌తో నంబర్లు వేయించు. హ్యాంబర్గర్, హామిల్టన్ 1951లో కోడిపిండానికి 46 దశలు గీసి పెట్టారు, అది ప్రింట్ తీసి గోడకి అంటించుకో. పిండాన్ని పైకి తియ్యటానికి ఫిల్టర్ పేపర్‌కి మధ్యలో చిల్లు పెట్టి రింగులా దాని మీద ఆనించి చుట్టూ కత్తిరిస్తే పేపర్‌తో పాటు వచ్చేసిద్ది, మొదట్లో కొన్ని చిరిగిపోతయ్, పర్లేదు. మామూలు డిసెక్షన్ మైక్రోస్కోపు, సెలైన్, ఫోన్ కెమెరా ఉంటే అయిపోయిద్ది. మొదలెట్టేముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి లెటర్ పెట్టి ఎన్ని రోజుల పిండం వరకు చెయ్యొచ్చో రాతపూర్వకంగా తీసుకో, తర్వాత ఎవరూ అడ్డం పడరు.

ఇది చేసి ఇంటర్వ్యూకి వెళ్తే ఆకు ఎక్స్‌ట్రాక్ట్ వాళ్లని అడిగిన ప్రశ్నలు నిన్ను అడగరు. 36 డిగ్రీల్లో జతలు ఎందుకు తగ్గినయ్, గడియారం నెమ్మదించిందా, లేకపోతే పిండం మొదలవటమే లేటయిందా, రెండూ ఎట్టా విడదీస్తావ్ అని అడుగుతారు. దానికి సమాధానం నేను చెప్పను, రెండు వేర్వేరు టైముల్లో గుడ్లు తెరవాల్సి ఉంటది అని మాత్రం క్లూ ఇస్తన్నా.

కృష్ణలంక_కుర్రాడు

హ్యాచరీ వాళ్లు పది, ఇరవై అంటే ఇవ్వరు, ట్రేల లెక్కనే. మీ హెచ్‌ఓడీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం ఎండలో ఆటోలో తెచ్చావంటే దార్లోనే సగం మొదలైపోతయ్, థర్మోకోల్ డబ్బా తీసుకెళ్లు.